ఎగిరే కన్నుకు మూడు వాకిళ్ళు



ఈ నెల ఆకాశంలోంచి చూసే కన్ను సంగతి చెప్పుకుందాం. అదే డ్రోను. పెళ్ళిళ్ళలోనూ జాతరల్లోనూ తుమ్మెదల గుంపులాగా రొద చేస్తూ అది తలల మీదుగా పోతూంటే మీరు చూసే ఉంటారు. ముందు ఒక కథ చెపుతాను. ఇది కల్పించిన కథే. కాని ఈ రోజుల్లో ఏ ఊళ్ళోనయినా జరగదగినది.

సూర్యాపేటకు దగ్గరలో ఆత్మకూర్ (ఎస్) అనే మండలం ఉన్నది. ఆ మండలంలోని ఒక పల్లెలో ఏడో తరగతి చదివే కుర్రవాడు ఉండేవాడు. వాడి చిన్నాయనకు సూర్యాపేటలో ఫొటోల దుకాణం ఉన్నది. పెళ్ళిళ్ళకు వీడియోలు తీసి కూడబెట్టిన డబ్బుతో చిన్నాయన ఒక డ్రోను కొన్నాడు. దాన్ని నడపటం పద్ధతిగా నేర్చుకుని ప్రభుత్వ సర్టిఫికెట్టు కూడా తెచ్చుకున్నాడు.

యాసంగి వరికోతలు అవుతున్న రోజులు. ఒక ఆదివారం తెల్లవారగానే ఇద్దరూ చెరువుకట్ట మీదికి వెళ్ళారు. డ్రోను రివ్వున పైకి లేచింది. చిన్నాయన చేతిలో ఉన్న తెర మీద ఊరంతా కనిపించసాగింది. అది రోజూ చూసే ఊరే. అయినా కుర్రవాడికి కొత్త దేశంలాగా తోచింది. చెరువు అద్దంలాగా మెరుస్తున్నది. పొలం గట్లు చాప అల్లికలాగా ఉన్నాయి. వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర వడ్ల రాశులు బంగారు గుట్టల్లాగా ఉన్నాయి. ఒక రాశి పక్కన నులకమంచం మీద ఒక ముసలి రైతు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

‘‘చిన్నాయనా, ఆ మంచం చూడు, ఎంత తమాషాగా ఉందో! ఇంకా కిందికి దించు,’’ అన్నాడు కుర్రవాడు. చిన్నాయన డ్రోనును కిందికి దించి, ఆ రైతు ముఖం స్పష్టంగా కనబడేటట్టు తీశాడు.

ఇంటర్నెట్టులో బొమ్మలు అమ్మే అంగళ్ళు ఉన్నాయి. మనం తీసిన వీడియోను అక్కడ పెడితే, కావలసినవారు డబ్బిచ్చి కొనుక్కుంటారు. చిన్నాయన ఆ వీడియోను అలాంటి అంగడిలో పెట్టాడు. ‘‘ఇందులో కనిపించే మనుషులు ఒప్పుకున్నారా?’’ అని అక్కడ ఒక ప్రశ్న ఉన్నది. చిన్నాయన క్షణం ఆలోచించి, ‘‘గుర్తు పట్టగల మనుషులెవరూ లేరు’’ అని రాసేశాడు. పది రోజుల్లో ఎవరో కొన్నారు. పన్నెండు వందల రూపాయలు వచ్చాయి. ఆ డబ్బులో కుర్రవాడికి కొత్త చెప్పులు కొన్నాడు.

రెండు నెలలు గడిచాయి. ఒకనాడు బడిలో పిల్లలందరూ ఒక సెల్ ఫోను చుట్టూ మూగి నవ్వుతున్నారు. కుర్రవాడు తొంగి చూశాడు. అప్పులిచ్చే కంపెనీ ప్రకటన అది. తెర మీద అదే నులకమంచం, అదే ముసలి రైతు. పైన పెద్ద అక్షరాలు: ‘‘పని లేక పడుకున్నారా? మా దగ్గర అప్పు తీసుకోండి!’’

ఆ రైతు మనవరాలు ఆరో తరగతిలో ఉన్నది. పిల్ల ఏడుస్తూ ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ముసలాయన కూడా టీ కొట్టు దగ్గరికి రావటం మానేశాడు.

కుర్రవాడికి ఆ రాత్రి అన్నం సయించలేదు. తాతతో అంతా చెప్పేశాడు. తాత చిన్నాయనను పిలిచి అడిగాడు.

‘‘నేనెవరి పొలంలోనూ కాలు పెట్టలేదే! ఆకాశం ఎవరి సొత్తు?’’ అన్నాడు చిన్నాయన.

‘‘కాలు పెట్టలేదురా, కన్ను పెట్టావు,’’ అన్నాడు తాత. ‘‘ఆకాశం ఎవరిదీ కాదు, నిజమే. కాని ఆయన నిద్ర ఆయనదే. ఆయన పని లేక పడుకున్నాడా? వడ్లు తడవకుండా, దొంగల పాలు కాకుండా తెల్లవార్లూ కాపలా కాసి, పొద్దు పొడిచాక నడుం వాల్చాడు. ఆ సంగతి నీ డ్రోనుకు కనబడిందా?’’

చిన్నాయన తల వంచుకున్నాడు. మర్నాడు ఇద్దరూ రైతు ఇంటికి వెళ్ళారు. ‘‘మామా, తప్పయింది,’’ అని చిన్నాయన పన్నెండు వందలూ ఆయన ముందు పెట్టాడు.

రైతు డబ్బు ముట్టలేదు. ‘‘అడిగి ఉంటే లేచి కూర్చునేవాణ్ణి గద బిడ్డా! వడ్లు తూర్పార పడుతుంటే తియ్యి, నేనే వద్దంటనా? మంచి అంగీ వేసుకుని నిలబడేవాణ్ణి,’’ అన్నాడు.

ఆ వీడియోను చిన్నాయన అంగడిలోంచి తీసేయించాడు. కంపెనీకి రాసి, ప్రకటన కూడా ఆపించాడు. కాని అప్పటికే అది ఎందరి ఫోన్లలోకో పాకిపోయింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని మాట గురించి అంటారు. బొమ్మ సంగతీ అంతే.

ఇంతకూ చిన్నాయన చేసిన తప్పు ఏమిటి? డ్రోను కొనటమా? ఎగరేయటమా? బొమ్మ తీయటమా? అమ్మటమా? అది తెలుసుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

పైనుంచి బొమ్మలు తీయాలనే కోరిక కొత్తది కాదు. 1858లో నాదార్ అనే ఫ్రాన్సు దేశస్థుడు పారిస్ దగ్గర బెలూనులో పైకి వెళ్ళి ఫొటో తీశాడు. ఆ తరవాత జర్మనీలో యూలియుస్ నాయ్‌బ్రోనర్ అనే మందుల దుకాణదారు చిన్న కెమేరా తయారుచేసి, పావురం రొమ్ముకు కట్టి ఎగరేశాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది. 1909లో డ్రెస్డెన్ నగరంలో జరిగిన ఫొటోల ప్రదర్శనలో పావురాలు తెచ్చిన బొమ్మలను అప్పటికప్పుడు పోస్టుకార్డులుగా అచ్చువేసి అమ్మారు. అంటే పైనుంచి తీసిన బొమ్మలను అమ్మటం కూడా వందేళ్ళ నాటి వ్యాపారమే!

అయితే పావురానికీ డ్రోనుకూ పెద్ద తేడా ఉన్నది. పావురం తన దారిన తాను పోతుంది. కెమేరా తనంతట తాను మీట నొక్కుకుంటుంది. డ్రోను అట్లా కాదు. మామూలుగా దానికి నాలుగు రెక్కల పంకాలుంటాయి. రెండు ఒక దిక్కుకు తిరిగితే, రెండు ఎదురు దిక్కుకు తిరుగుతాయి. అన్నీ ఒకే దిక్కుకు తిరిగితే డ్రోను ఒళ్ళంతా బొంగరంలా తిరిగిపోతుంది. వెనక పంకాలు వేగంగా తిరిగితే డ్రోను ముందుకు వంగి, ముందుకు పోతుంది. ఉపగ్రహాల సంకేతాలను బట్టి తానెక్కడ ఉన్నదో తెలుసుకుని, గాలిలో ఒకేచోట నిలబడగలదు. తాను చూసినదాన్ని ఎప్పటికప్పుడు రేడియో తరంగాల ద్వారా కింద ఉన్నవాడికి పంపుతుంది. కనక ఏమి చూస్తున్నదో పావురానికి తెలియదు గాని, డ్రోను నడిపేవాడికి తెలుస్తుంది. తెలిసి చేసినదానికి బాధ్యత కూడా ఉంటుంది.

డ్రోను బొమ్మ అమ్ముడుపోవాలంటే మూడు వాకిళ్ళు దాటాలి. ఒక వాకిలి తెరుచుకుంటే మిగిలినవి కూడా తెరుచుకున్నట్టు కాదు.

మొదటి వాకిలి, ఎగరటం. దీనికి మన కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 25న డ్రోను నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం డ్రోనుకు గుర్తింపు సంఖ్య ఉండాలి. దేశం పటంలో ఆకాశాన్ని మూడు రంగులుగా విభజించారు. ఆకుపచ్చ భాగంలో 400 అడుగుల ఎత్తు దాకా అనుమతి అడగనక్కరలేదు. పసుపు భాగంలో విమానాల రాకపోకలు చూసేవారి అనుమతి కావాలి. ఎరుపు భాగంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరరాదు. బరువు 250 గ్రాములు మించని డ్రోనుకు నడిపేవాడి సర్టిఫికెట్టు అక్కరలేదు. 2 కిలోల లోపు డ్రోనును సరదాకు ఎగరేసినా అక్కరలేదు. కాని దానితో వ్యాపారం చేస్తే సర్టిఫికెట్టు కావలసిందే. అది పొందాలంటే పద్ధెనిమిదేళ్ళు నిండాలి; పదో తరగతి పాసు కావాలి; శిక్షణ పొందాలి. నియమం తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా. చూశారా, అదే డ్రోను, అదే ఆకాశం. అయినా బొమ్మ అమ్ముకోవటానికి ఎగరేస్తే చట్టం వేరు!

కొన్ని చోట్ల స్థల నియమాలు కూడా ఉంటాయి. 2023 జనవరిలో తిరుమల శ్రీవారి ఆలయాన్ని పైనుంచి తీసిన వీడియో ఒకటి ఇంటర్నెట్టులో కనిపించింది. ఆలయం మీదుగా ఏదీ ఎగరరాదని దేవస్థానం నియమం. అందుచేత దేవస్థానంవారు పోలీసులకు ఫిర్యాదు చేశారు. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో కాకతీయుల కాలం నాటి గుళ్ళున్నాయి. ఎనిమిది వందల ఏళ్ళ నాటి శిల్పానికి కాపీరైటు లేదు. అయినా అట్లాటి పాత కట్టడాల దగ్గర డ్రోను ఎగరేయబోయే ముందు అక్కడి అధికారులను అడగటమే మంచిది. పంకా తగిలి శిల్పం ముక్కు విరిగితే ఎవరు తెచ్చి అతికిస్తారు?

రెండవ వాకిలి, చూడటం. మన పల్లెల్లో చాలా ఇళ్ళ వెనక స్నానానికి దడి కట్టుకుంటారు. నాలుగు వైపులా దడి ఉంటుంది గాని, పైన కప్పు ఉండదు. ఎందుకుండదు? పైనుంచి చూసేది కాకులూ పిచ్చుకలూ తప్ప ఎవరూ లేరని మన పెద్దల నమ్మకం. ఆ నమ్మకాన్ని డ్రోను పాడు చేయరాదు. మనిషి తన బతుకు తాను మరుగులో బతకటం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. జస్టిస్ పుట్టస్వామి అనే విశ్రాంత న్యాయమూర్తి వేసిన వ్యాజ్యం అది. ఒకరి ఒంటి మరుగును వారి సమ్మతి లేకుండా బొమ్మ తీసినా, పంచినా ఐ.టి. చట్టం 66-ఇ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు గాని, రెండు లక్షల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

మూడవ వాకిలి, అమ్మటం. బొమ్మ తీసినవాడిదే బొమ్మ అని చాలామంది అనుకుంటారు. అన్నివేళలా కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ఏమంటున్నదంటే, ఒకరు డబ్బిచ్చి ఫొటో గాని ఫిలిం గాని తీయిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు దాని మొదటి హక్కుదారు డబ్బిచ్చినవారే. అంటే పెళ్ళివారు డబ్బిచ్చి తీయించిన డ్రోను వీడియోను ఫొటోగ్రాఫరు వారికి చెప్పకుండా ఇంకొకరికి అమ్మరాదు. తన ఖర్చుతో, తన కోసం తీసినదయితే హక్కు తనదే. కాని అప్పుడు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. బొమ్మ మీద హక్కు వేరు, బొమ్మలోని మనిషి మీద హక్కు వేరు. అందుకే మంచి అంగళ్ళవారు, ప్రకటనల కోసం అమ్మే బొమ్మల్లో గుర్తు పట్టగల మనిషి ఉంటే, ఆ మనిషి సంతకం చేసిన సమ్మతి పత్రం అడుగుతారు. పిల్లలయితే తల్లిదండ్రులు సంతకం చేయాలి.

ఇప్పుడు చిన్నాయన తప్పు మీకే తెలిసిపోయింది. మొదటి వాకిలి అతను సక్రమంగానే దాటాడు. రెండవ వాకిలి దగ్గర అడగకుండా తొంగి చూశాడు. మూడవ వాకిలి దగ్గర అబద్ధం రాశాడు. పొరపాటంతా అతనిదే కూడా కాదు. ‘‘కిందికి దించు’’ అన్నది మన కుర్రవాడే గదా!

ఇంతమాత్రాన డ్రోను చెడ్డదని అనుకోకండి. 2021 సెప్టెంబరులో మన తెలంగాణలోని వికారాబాదులో డ్రోన్లు మందులనూ టీకాలనూ మోసుకుపోయాయి. పొలాల్లో మందు చల్లుతున్నాయి. దురాజ్‌పల్లిలో రెండేళ్ళకొకసారి జరిగే పెద్దగట్టు జాతరలాంటి చోట, తొక్కిసలాట రాకుండా జనాన్ని కనిపెట్టి ఉండటానికి పైనుంచి చూసే కన్ను ఎంతో ఉపయోగం. కత్తి కూరగాయలు తరుగుతుంది, వేలూ తెగ్గోస్తుంది. తేడా పట్టుకున్న చేతిలో ఉన్నది.

కథలో ఇంకొంచెం మిగిలింది. మరుసటి కోతల కాలంలో చిన్నాయన మళ్ళీ డ్రోను తీశాడు. ఈసారి ముందు రోజు సాయంత్రం ఊళ్ళో డప్పు చాటింపు వేయించాడు: ‘‘రేపు పొద్దున ఏడు గంటలకు చెరువు మీదా, వడ్ల కేంద్రం మీదా డ్రోను ఎగురుతుంది. బొమ్మలో పడటం ఇష్టం లేనివాళ్ళు ఇప్పుడే చెప్పండహో!’’ ఇళ్ళ మీదుగా ఎగరేయలేదు. కుర్రవాడు సమ్మతి పత్రాల కట్ట పట్టుకుని రైతు రైతునూ అడిగాడు. ముసలాయన అందరికన్న ముందు వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ వేసుకుని, చేట పట్టుకుని, వడ్లు తూర్పార పడుతూ నిలబడ్డాడు. మనవరాలు పక్కనే నిలబడి ఆకాశంలోకి చూసి చెయ్యి ఊపింది.

ఈ నెల మీకొక పని. మీ ఇల్లు పైనుంచి చూస్తే ఎట్లా ఉంటుందో కాగితం మీద గీయండి. వాకిలి, పెరడు, చెట్లు, బావి అన్నీ గీయండి. అందులో ఎవరైనా చూస్తే ఫరవాలేని చోట్లకు ఆకుపచ్చ రంగు వేయండి. అడిగి చూడవలసిన చోట్లకు పసుపు వేయండి. ఎవరూ చూడకూడని చోట్లకు ఎరుపు వేయండి. తరవాత మీ అమ్మనూ నాయనమ్మనూ కూడా అదే పని చేయమనండి. వాళ్ళు వేసిన ఎరుపూ మీరు వేసిన ఎరుపూ ఒకే చోట ఉన్నాయేమో పోల్చి చూడండి.