పెదవి దాటిన ప్రార్థన

చర్చి గంట విని, పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరుట యొక్కటియే ఆరాధనకు బోవు మార్గమైన దినములు గతించినవి. నేడు చేతిలోని ఫోనే అనేకులకు దేవాలయద్వారమై యున్నది. ఈ మార్పు 2020వ సంవత్సరమున మిక్కిలి త్వరపడినది. ఆ యేడు మార్చి 25వ తేదీనుండి దేశమంతటను లాక్‌డౌన్ విధింపబడగా, ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు పండుగను మన తెలుగు సంఘములవారు ఇండ్లలోనే యుండి జరుపుకొనిరి. జూన్ 8నుండి ఆరాధనాస్థలములు తెరచుటకు అనుమతి లభించినను, అప్పుడలవడిన యూట్యూబు ప్రసారములను, వాట్సాప్ గ్రూపులను, జూమ్ కూటములను పెక్కు సంఘములు విడువలేదు. విడువకుండుటయే మేలని మా యభిప్రాయము.

మంచము పట్టిన అత్తగారికి, బాలింతరాలైన కోడలికి, వాన దినములలో అడుగు బయట పెట్టలేని ముదుసలికి ఈ సాధనములు చేయు నుపకారము సామాన్యమైనది కాదు. కడప, గోదావరి ప్రాంతములనుండి ఇంటిపనికై కువైటు పోయిన సోదరీమణులు పెక్కుమంది కలరు. వారిలో పలువురకు యజమాని యిల్లు విడిచి ప్రార్థనకు బోవు వీలుండదు. మన యూరిలో ఆదివారము ఉదయము 9 గంటలకు ఆరాధన మొదలగునప్పుడు అక్కడ 6-30 గంటలు. వంటయింటిలో పని చేసికొనుచునే సొంతయూరి కీర్తన వారు వినగలుగుచున్నారు. చికాగోలోని కుమార్తెకు వేసవిలో అది శనివారము రాత్రి 10-30 గంటలు. పిల్లలను నిద్రపుచ్చి, తల్లి కూర్చుండిన వరుస కనబడునేమో యని ఆమె చూచుచుండును.

ఇంతవరకు సంతోషమే. మేము నేడు ప్రత్యేకముగా చెప్పదలచినది ప్రార్థనామనవులను గూర్చి.

గర్భస్రావమైన కోడలు, పెండ్లి తప్పిపోయిన కూతురు, త్రాగుడు మానని భర్త, తీరని అప్పు: ఇవి స్త్రీలు పాస్టరమ్మగారి చెవిలో మాత్రమే చెప్పుకొను సంగతులు. పూర్వము మిషనుల కాలమున బైబిలు స్త్రీలని పిలువబడిన సోదరీమణులు ఇంటింటికిని పోయి, వాకిలి దాటని స్త్రీలయొద్ద కూర్చుండి చదివి వినిపించెడివారు. అట్టివారితో కష్టసుఖములు చెప్పుకొనుట సహజము. ఆ మాట యెంతదూరము పోవునో వినినవారి నోటిమీద ఆధారపడి యుండెడిది. నేడో, ఉదయము ఒకరు కంటతడితో చెప్పిన మాటను, మంచి మనస్సుతోనే, వేరొకరు గ్రూపులో వ్రాయుదురు. మధ్యాహ్నమునకు అది మరి రెండు గ్రూపులకు చేరును. సాయంకాలమునకు ఆ పిల్ల అత్తవారి యూరిలోనే చెప్పుకొనుచుందురు. పెదవి దాటితే పృథివి దాటునని మన పెద్దలు ఊరక యనలేదు.

సాధనము పనిచేయు తీరు తెలిసికొనుట మంచిది. ఒక వాట్సాప్ గ్రూపున 1024 మంది వరకు చేరవచ్చును. వ్రాసిన మాట దారిలో ఇతరులు చదువకుండ తాళము వేయబడి పోవునన్నది నిజమే. కాని అందినవారు దానిని పంపివేయుటకుగాని, తెరను ఫోటో తీయుటకుగాని ఆ తాళము అడ్డురాదు. అందరికిని కనబడకుండ తుడిచివేయు వీలు రెండు దినములకు పైగా నుండును. అయినను, అప్పటికే వేరొకచోటికి పంపబడిన ప్రతి తుడిచిపోదు. యూట్యూబు ప్రసారమున పాస్టరుగారు పేరు పెట్టి చేసిన ప్రార్థన, తీసివేయనంతకాలము అచ్చటనే యుండును. లింకు గలవారికి మాత్రమే కనబడునట్లు ఉంచినను, ఆ లింకు చేతులు మారవచ్చును.

పదిమంది ప్రార్థించిన మంచిదే గదా యని కొందరందురు. మంచిదే. కాని ప్రార్థించుటకు వ్యాధి పేరు, ఇంటి పేరు అందరికిని తెలియవలయునా? ఒక సోదరి కష్టములో నున్నది, ప్రార్థింపుడు అన్న చాలును. తలుపు వేసికొని రహస్యమందు ప్రార్థించుమన్న బోధ మత్తయి సువార్త 6వ అధ్యాయముననే కలదు.

కావున స్త్రీల సమాజములవారు ఈ కొన్ని నియమములు పెట్టుకొనుట యుక్తము. మొదటిది, ఎవరిని గూర్చినదో వారినే అడిగి, వారు సరే యన్న పిమ్మటనే, వారొప్పుకొన్న మాటలతోనే వ్రాయవలయును. అత్తగారు ఒప్పుకొన్నంత మాత్రమున కోడలు ఒప్పుకొన్నట్లు కాదు. రెండవది, ఆరాధన వేళలు, కూటముల ప్రకటనలకు అడ్మిన్లు మాత్రమే వ్రాయు గ్రూపొకటి యుంచి, మనవులకు నమ్మకమైన అయిదారుగురితో వేరొకటి యుంచవలయును. దానిలోని సందేశములు 7 దినములలో తామే మాయమగునట్లు పెట్టుకొనవచ్చును. మూడవది, పేర్లు చదివి ప్రార్థించు సమయమున ప్రసారము నిలిపివేయుమని సంఘపెద్దలను కోరవలయును. రక్తము కావలసినప్పుడు ఆసుపత్రి పేరు, రక్తపు గ్రూపు వ్రాయక తప్పదు. అవసరము తీరగానే దానిని తుడిచివేసి, తీరినదని తెలుపవలయును. మిగిలిన మనవులను ఫోనున పలుకరించియో, ఇంటికి పోయియో వినుట మేలు.

కానుకల సంగతియు ఒక మాట. 2016లో వచ్చిన యూపీఐ వలన దూరముననున్న బిడ్డలును కానుక పంపగలుగుచున్నారు. క్యూఆర్ కోడు స్కాను చేసిన తరువాత తెరపై సంఘము పేరే కనబడుచున్నదా యని చూచి గాని పిన్ను నొక్కరాదు. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ను అక్కరలేదు. మీకు సహాయము పంపుచున్నాము, పిన్ను కొట్టుడని యెవరైన ననినచో మోసమని యెరుగవలయును.

సోదరీమణులారా, మన యిండ్లలో ఫోను నేర్పుగా వాడు పిల్లలున్నారు. ఏది యెట్లు నొక్కవలయునో వారు మనకు నేర్పుదురు. ఏది నొక్కరాదో వారికి నేర్పవలసినది మనమే. నమ్మి చెప్పిన మాట వీధిపాలైన స్త్రీ మరల ఎవరితోను చెప్పుకొనదు. క్రమముగా సంఘమునకును రాక మానివేయును. ఎవరి కొరకు ప్రార్థింప బూనితిమో ఆమెయే దూరమైన పిదప మన గ్రూపున ఎందరున్న నేమి ప్రయోజనము? వచ్చు కూటమునందే ఈ సంగతి యెత్తి, అందరును కలిసి ఒక నిర్ణయము చేసికొందురని ఆశించుచున్నాము.