బటన్ ఫోను వాడటం నేరమా?

మన కూలీల చేతిలోని ఫోనును చూసి నవ్వేవాళ్లు పట్నాల్లోనే కాదు, ఇప్పుడు పల్లెల్లోనూ బయలుదేరారు. వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసుకుని, అంకెలు అరిగిపోయిన మీటల్ని అలవాటు మీద నొక్కుతూ, ఏళ్లనాటి ఫోనుతోనే కాలం వెళ్లబుచ్చే వ్యవసాయ కార్మికుడు లోకం పోకడ తెలియనివాడని వీరి ఉద్దేశం. మేము అలా అనుకోవటం లేదు. పనిచేసే వస్తువును పారేయకుండా చివరిదాకా పనిచేయించుకోవటం కష్టజీవి తెలివి. ఆ తెలివికే ఇవాళ జరిమానా పడుతున్నది. వేస్తున్నదెవరు, వసూలు చేస్తున్నదెలా అన్నదే మనం తేల్చుకోవలసిన విషయం.

ఆ చిన్న ఫోను చేసే పని తక్కువదేమీ కాదు. "రేపు ఫలానా చేలో మిరపకోత, పదిమంది కావాలి" అని రాత్రి మేస్త్రి చెప్పే కబురు అందులోనే వస్తుంది. వలసపోయిన కొడుకు గొంతు అందులోనే వినపడుతుంది. రాత్రిపూట కరెంటిస్తే మోటారు వేయటానికి గట్ల వెంట పోయేవాడికి దాని టార్చే పాము నుంచి కాపాడుతుంది. ఒకసారి చార్జింగు పెడితే మూడు నాలుగు రోజులు చూడక్కర్లేదు. బ్యాటరీ పోతే మండల కేంద్రంలో కొత్తది కొని గోటితో మూత తీసి మార్చుకోవచ్చు. 2003లో వచ్చిన నోకియా 1100 ఇలాంటిదే. దుమ్ము దూరని మీటలు, నెత్తిన టార్చి. ప్రపంచమంతటా అవి 25 కోట్ల పైచిలుకు అమ్ముడయ్యాయి. కంపెనీ మన మీద జాలిపడి దాన్ని తయారుచేయలేదు, పేదల జేబులు కూడా లెక్కేసుకున్నది, అంతే.

ఇప్పుడు లెక్క తిరగబడింది. వస్తువు ఎక్కువకాలం మన్నితే పెట్టుబడిదారుకు నష్టం. అందుకే బ్యాటరీని లోపల జిగురుతో అతికిస్తారు. ఆపిల్ కంపెనీ తన పాత ఫోన్ల వేగాన్ని తానే తగ్గించినట్టు 2017 డిసెంబరులో ఒప్పుకున్నది. బ్యాటరీ పాతబడినప్పుడు ఫోను ఉన్నట్టుండి ఆరిపోకుండా అలా చేశామని సమర్థించుకున్నది. కొన్నవాళ్లకు ఆ మాట ముందే చెప్పనందుకు ఫ్రాన్సు ప్రభుత్వం 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. ఫోను బ్యాటరీని వాడేవాళ్లే విప్పి మార్చుకునేలా ఉండాలని ఐరోపా యూనియన్ 2023లో చట్టం చేసి, 2027 ఫిబ్రవరిని గడువుగా పెట్టింది. అంటే మన కూలీ ఫోనుకు ఏనాడో ఉన్న సౌకర్యాన్ని అక్కడ ఇప్పుడు చట్టం పెట్టి తెచ్చుకుంటున్నారన్న మాట!

కంపెనీల సంగతి అలా ఉంచుదాం. వాటి యావ లాభం కోసమేనని మనకు తెలియనిది కాదు. ప్రభుత్వమే వచ్చి "కొత్త ఫోను కొంటావా, నీ హక్కు వదులుకుంటావా" అని నిలదీయటం మాత్రం సహించరానిది.

పత్తి సంగతే తీసుకోండి. 2025 ఖరీఫ్ పంటకు సీసీఐ "కపాస్ కిసాన్" అనే యాప్ పెట్టింది. అందులో పేరు నమోదు చేసుకుని, తేదీ స్లాటు తీసుకున్న తర్వాతే రైతు కొనుగోలు కేంద్రానికి పత్తి తేవాలన్నది. ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది అందాలంటే ముందు చేతిలో స్మార్ట్ ఫోను ఉండాలి, దాన్ని వాడటం రావాలి, ఊళ్లో సిగ్నలుండాలి. తేమ 12 శాతం దాటితే వెనక్కి పంపుతారన్న భయం ఎప్పటినుంచో ఉన్నదే, దానికి ఇదొకటి తోడయింది. కౌలు రైతు పరిస్థితి మరీ అన్యాయం. పట్టా కాగితం ఒకరిది, చెమట ఒకరిది, ఫోను మూడోవారిది. స్లాటు దొరకనివాడు ఎవరి గుమ్మం తొక్కుతాడో వేరే చెప్పాలా? అప్పు ఇచ్చిన వ్యాపారి యాప్ అడగడు, ధర మాత్రం తనకు తోచినంత కోస్తాడు.

ఉపాధి పనుల్లో కూలీలు ఈ బాధ అంతకుముందే పడ్డారు. మస్టరును ఫోను ద్వారా వేసే ఎన్ఎంఎంఎస్ యాప్‌ను 2021 మేలో తెచ్చి, 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. పూటకొకసారి చొప్పున రోజుకు రెండుసార్లు పనిచోటు నుంచే ఫొటో ఎక్కించాలి. మట్టి పని పొద్దున్నే ముగించుకున్నవాళ్లు కూడా రెండో ఫొటో కోసం ఎండలో కాచుకున్నారు. ఫొటో ఎక్కకపోతే గడ్డపార పట్టిన చేతికి కూలి లేదు. దీని మీద 2023 ఫిబ్రవరి నుంచి ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర వివిధ రాష్ట్రాల కూలీలు 100 రోజుల ధర్నా తలపెట్టి కూర్చున్నారు. దొంగ మస్టర్లు అరికట్టటానికేనని పాలకులు బుకాయించారు. తీరా ఏమైంది? పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోకే ఫొటో తీసి పెట్టినవి ఎక్కుతున్నాయని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఉత్తర్వులో రాసుకుని, మళ్లీ మనుషులే తనిఖీ చేయాలన్నది! దొంగలు దొరలు బాగానే ఉన్నారు, మధ్యన కూలీ నలిగిపోయాడు. ఇంత జరిగాక కూడా, ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు చేత ఆమోదింపజేసుకున్న కొత్త చట్టంలోనూ ఈ వేలిముద్రల, ఫోను నిఘాల మోజు పోలేదు.

"అంతగా అయితే ఒక ఫోను కొనుక్కోరాదా?" అనే పెద్దమనుషులకు చిన్న లెక్క చెబుతాం. 2025-26లో మన రెండు రాష్ట్రాల ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. 7 వేల ఫోను కొనాలంటే 23 రోజులు మట్టి తవ్వాలి. ఆ 23 రోజులూ ఇంట్లో పొయ్యి వెలగకూడదు.

కొన్నంతనే అయిపోతుందా? 2018 నవంబరు దాకా ఒకసారి సిమ్ము కొనుక్కుంటే వచ్చే కాల్సుకు డబ్బు కట్టే పనిలేదు. అప్పుడు 28 రోజులకు 35 రూపాయలన్నారు. 2024 జూలైలో రేట్లు పెంచాక ఎయిర్‌టెల్ నెలవారీ పథకాల్లో చౌకదే 199 అయింది. ఏడాదికి 13 సార్లు కడితే 2,587 రూపాయలు, అంటే ఎనిమిది రోజుల పైచిలుకు కూలి. ఇంటర్నెట్టు ముట్టుకోని బటన్ ఫోనువాడి చేత కూడా ఇంటర్నెట్టు సొమ్ము కట్టించుకున్నారు. మాటలకు మాత్రమే పనికొచ్చే పథకాలు పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశిస్తే, కంపెనీలు 84 రోజులకని, ఏడాదికని పెట్టాయి. వారం వారం కూలి తెచ్చుకునేవాడు నాలుగు వందల పైచిలుకు ఒక్కసారి ఎక్కడ తెస్తాడు? కట్టకపోతే కొన్నాళ్లకు నంబరు పోతుంది. ఆధారుకు, బ్యాంకుకు ఇచ్చిన ఆ నంబరు ఇంకొకరి చేతికి పోతే ఆన్‌లైన్ సెంటరు చుట్టూ తిరగటం మళ్లీ మొదలు.

మన దేశంలో మొట్టమొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు చేశారు. దానికి పాతికేళ్లు నిండిన రోజునే, 2020 జూలై 31న, ముకేశ్ అంబానీ 30 కోట్ల మంది 2జీలో చిక్కుకుపోయారని విచారం ప్రకటించి, 2జీని చరిత్రలో కలిపేలా విధానాలు తేవాలన్నారు. 2016లో వచ్చిన ఆయన కంపెనీకి అసలు 2జీయే లేదన్న సంగతి గుర్తుంచుకుంటే ఆ విచారం లోతెంతో తెలుస్తుంది.

మేము కొత్త ఫోనుకు శత్రువులం కాము. కొనగలిగినవాడు కొనుక్కోవచ్చు, పిల్లల చదువుకు అది పనికొస్తే మంచిదే. మేమనేది ఒక్కటే: మస్టరుకు కాగితం ఉండాలి, పత్తి స్లాటు పంచాయతీ ఆఫీసులో పుస్తకంలో రాసి చీటీ ఇవ్వాలి, 28 రోజులకు మాటల పథకం నలభై యాభై రూపాయలకు దొరకాలి, బటన్ ఫోనుకు సిగ్నలు ఆపకూడదు.

మనలో ఉన్న తప్పు కూడా చెప్పుకోవాలి. ఈమధ్య మన కార్యకర్తలు సభ కబురును వాట్సాప్‌లో పెట్టి చేతులు దులుపుకుంటున్నారు. ఆ కబురు అందనివాళ్లెవరు? వాడల్లోని ఆడకూలీలు, ముసలివాళ్లు, అంటే సభ ఎవరికోసమో వాళ్లే. ఫోను చేసి చెప్పండి, లేదా నడిచివెళ్లి చెప్పండి. వెళ్లినప్పుడు నోటుబుక్కు తీసుకెళ్లి ఫొటో ఎక్కక ఎవరికి ఎన్ని మస్టర్లు పోయాయో, స్లాటు దొరక్క ఎవరు ఎన్ని క్వింటాళ్లు ఏ ధరకు అమ్ముకున్నారో తేదీలతో రాసుకోండి. ఆ జాబితాను గ్రామసభలో పైకి చదివి, ఎంపీడీవోకు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.