గాజుతొట్టిలో చేపల పొత్తు

గాజుతొట్టి కొన్ననాడే కనుల కింపైన చేపలనెల్ల తెచ్చి విడుచుట పెక్కిండ్ల వాడుక. రంగుకంటె ముందు స్వభావము నరయవలెనని మా యభిప్రాయము. ఏంజెల్ చేప కొనునపుడు రూపాయిబిళ్లంత యుండును, పెరిగి ఆఱంగుళములగును. అప్పుడు సన్నని నియాన్ టెట్రాలు దానికాహారమే. ఇది దౌష్ట్యము కాదు. అమెజాను నీటిలో దాని బ్రదుకే యట్టిది. టైగర్ బార్బు పొడవు ఱెక్కలు కనబడిన కొఱకక మానదు. గప్పీల దరికి దానిని రానీయరాదు. బంగారుచేప చల్లనినీరు కోరునది. 25 డిగ్రీల వెచ్చని తొట్టికి తగదు.

మేము మెచ్చునవి మనదేశపు టేళ్లలో పుట్టిన జీబ్రా డేనియో, ప్లాటీ, అడుగున మెలగు కోరిడోరాసు. డేనియోలును కోరిడోరాసులును జాతికాఱింటికి తగ్గరాదు, ఒంటరిదైన బెదరును.

నీరు తేటగానున్నదని నమ్మకుడు. చేపల మలమునుండి పుట్టు అమ్మోనియాను హరించు సూక్ష్మజీవులు నెలకొనుటకు నాలుగు మొదలాఱు వారములు పట్టును. పిల్లలు చచ్చిన చేపలను చూచి యేడ్చునది సాధారణముగా నీ వారములలోనే. అందాక చేపలను విడువక, దినమున కొకమాఱు చిటికెడు మేతమాత్రము వేయుచు, అమ్మోనియా, నైట్రైటు రెండును సున్నయగుదాక నీటిని పరీక్షింపుడు. పిమ్మట ఆఱు డేనియోలను విడిచి, రెండు వారములాగి తక్కినవానిని తెచ్చుకొనవచ్చును.