కంపైలర్‌ని కూడా మనమే బిల్డ్ చేసుకోవాలా?

సొంతంగా చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాద్దామని కూర్చున్న విద్యార్థులకు మొదట్లోనే విసుగొస్తుంది. కెర్నల్‌లో ఒక్క లైను రాయకముందే క్రాస్ కంపైలర్ కావాలంటారు. అంటే, లైనక్స్‌లో నడుస్తూ, ఇంకా పుట్టని సిస్టమ్ కోసం కోడ్ తయారు చేసే కంపైలర్. లైనక్స్‌తో వచ్చిన జీసీసీ ఉందిగా, అది చాలదా?

చాలదనే నా అభిప్రాయం. ఆ జీసీసీ తన కోడ్ లైనక్స్ ప్రోగ్రామ్‌గానే నడుస్తుందనుకుంటుంది. 64 బిట్ల ఎక్స్86 లైనక్స్‌లో ఫంక్షన్లు స్టాక్ అంచు కింద 128 బైట్లను ముందుగా కేటాయించుకోకుండానే వాడుకోవచ్చు. దీన్ని రెడ్ జోన్ అంటారు. మామూలు ప్రోగ్రాములకు దానివల్ల ఇబ్బంది లేదు. కెర్నల్ నడుస్తుండగా, ఎవరో కీబోర్డు మీద మీట నొక్కి ఇంటరప్ట్ వస్తే మాత్రం, ప్రాసెసర్ సాధారణంగా సరిగ్గా అక్కడే తన వివరాలు రాసేస్తుంది. లెక్క ఎక్కడో, ఎప్పుడో ఒకసారి తప్పుతుంది. మళ్లీ నడిపితే బాగానే ఉంటుంది. ఇలాంటి బగ్‌ను పట్టుకోవడం నరకం.

మన కోడ్‌ వరకు రెడ్ జోన్‌ను ఒక ఆప్షన్‌తో ఆపేయవచ్చు. కానీ జీసీసీతో పాటు వచ్చే లిబ్‌జీసీసీ లైబ్రరీ ముందే కంపైలై ఉంటుంది, అందులో రెడ్ జోన్ అలాగే ఉంటుంది. దాన్ని తీసేయాలంటే మళ్లీ బిల్డ్ చేయక తప్పదు. 2018లో ఆండ్రియాస్ క్లింగ్ మొదలుపెట్టిన సెరెనిటీఓఎస్ అయితే జీసీసీకి సొంత ప్యాచ్‌లు వేసి, తన పేరుతోనే ఒక టార్గెట్ చేర్చుకుంది.

ల్యాబ్‌లో రెడీమేడ్ టూల్‌చైన్ ఇచ్చేస్తే ఒక పూట కలిసొస్తుంది, నిజమే. ఆ పూట పోయినా సరే, ఒక్కసారైనా విద్యార్థుల చేతే బిల్డ్ చేయించాలి.