ఆమెకు విరమణ మెన్నడు?

తెల్లవారుజామున రాజమహేంద్రవరపు గోదావరి గట్టుమీదికి పోయి చూచినవారికి సుఖ మనునది దూరదేశములనుండి తెప్పించుకొనవలసిన వస్తువు కాదని తెలియును. చెవుల మీదికి టోపీలు లాగుకొని, అవసరము లేకున్నను గౌరవార్థమై చేతికఱ్ఱ పట్టుకొని, నలుగురైదుగురు చొప్పున పెద్దలు నడచుచుందురు. ఒకరు తహసీలు కచ్చేరిలో విరమించినవారు, ఒకరు రైల్వేలో, ఒకరు మావలెనే పంతులు. కోటిలింగాల రేవునొద్ద మొదలిడిన కరవుభత్యపు బకాయిల చర్చ పుష్కరాల రేవు చేరునప్పటికి మోకాళ్ళ నొప్పులలోనికి దిగును. ఇడ్లీబండి కనబడగానే రెండును ముగియును. పగలు గౌతమీ గ్రంథాలయమున వార్తాపత్రికలు. సాయంకాలము మరల గోదావరి. నడుమ మనుమల ముచ్చటలు. కార్తికమున కడియపు తోటలలో వనభోజనము. వీలైన యేట పాపికొండల ప్రయాణము.

ఈ సుఖములను నేను నిందింపబోవుట లేదు. ఇవి దొంగిలించినవి కావు. ముప్పదియైదేండ్లు దస్త్రముల దుమ్ము పీల్చి సంపాదించుకొన్నవి. పింఛను ప్రభుత్వము దయదలచి వేయు భిక్ష కాదనియు, చేసిన సేవకు లభించు హక్కనియు సర్వోన్నత న్యాయస్థానము 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పినది. నేటికిని పింఛనుదారు లా దినమును పండుగగా జరుపుకొనుచున్నారు. జరుపుకొనవలసినదే. 2004 తరువాత కొలువున జేరిన నావంటివారికి ఆ పాత పింఛను లేదు గాని, అది వేఱొక తగవు.

నేనడుగునది యొక్కటే. గట్టుమీద ఆ చర్చలు సాగుచున్న వేళ వారి యిల్లాండ్రెక్కడ నున్నారు?

ఇంటియొద్ద వాకిలి చిమ్ముచు, పాలు కాచుచు, ఆయన వచ్చునప్పటికి డికాక్షను దిగియుండవలెనని గడియారమువైపు చూచుచు నున్నారు. మోకాళ్ళ నొప్పి ఇరువురకును కలదు. ఆయనకది గట్టుమీద మాటలాడుకొను విషయము. ఆమె దానితోనే పొయ్యియొద్ద నిలుచుండవలెను. ఇది పూర్వమునుండి వచ్చుచున్న అన్యాయమే గదా యని ఊరకుండువారు సగమే చూచినవారు. ఆయన విరమణచేత ఆమె పని తగ్గకపోవుటయే కాదు, పెరిగినది. ఉద్యోగపు దినములలో ఆయన తొమ్మిదిన్నరకు క్యారేజి పట్టుకొని గడప దాటెడివారు. సాయంకాలము వఱకు ఇల్లు ఆమెది. అంట్లు తోమి, బట్టలు ఆరవేసి, రెండు గంటలవేళ నడుము వాల్చెడిది; పొరుగామెతో మాటలాడెడిది; వారపత్రికలోని సీరియలు చదువుకొనెడిది. ఆ రెండు మూడు గంటలే, వీనితో నేమి చేసితివని యెవరును అడుగని గంటలు. ఇప్పు డాయన యింటనే యున్నారు. పదునొకండు గంటలకు రెండవ కాఫీ. మిత్రుడు వచ్చినచో మూడవది. కునుకు తీసి లేచినంతనే తేనీరు. పైగా కచ్చేరిలో క్రిందివారిని తనిఖీ చేయ నలవాటుపడిన కన్ను ఇప్పుడు పనిలేక, పోపులపెట్టెమీద పడుచున్నది: ఇంత నూనె యేల? ఆ కొళాయి యేల కట్టలేదు? ప్రభుత్వ మాయనకు విశ్రాంతి నిచ్చిన దినముననే, ఆమెకున్న కొద్దిపాటి విశ్రాంతిని ఆయన జప్తు చేసినారు.

ఇది నా ఊహ యనువారికి లెక్కలు చూపెదను. కేంద్రప్రభుత్వపు గణాంకశాఖవారు 2019లో దేశమంతట జనులు దినములోని కాలము నెట్లు గడపుచున్నారో విచారించిరి. జీతములేని యింటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును ఆ పనికి వెచ్చించుచున్నట్లు తేలినది. ఆ 97ను చూచి మురియవలదు. అసలా పనిలో చేయి పెట్టిన పురుషులు నూటికి 26 మందియే. స్త్రీలు 81 మంది.

ఉద్యోగిని యైన స్త్రీ మాట యేమందురా? కొన్ని యేండ్ల క్రిందట నేను పనిచేసిన యొక పాఠశాలలో ఒక ఉపాధ్యాయినికి వీడ్కోలుసభ జరిగినది. శాలువ కప్పితిమి, పండ్లిచ్చితిమి, ప్రసంగించితిమి. అధ్యక్షులవారు లేచి, “ఇక అమ్మగారు తీరికగా ఇల్లు చూచుకొనవచ్చును” అనిరి. అందఱును చప్పట్లు కొట్టిరి. నేనును కొట్టితిని. ఒక కొలువునుండి విడిపించి, రెండవ కొలువున పూర్తికాలమునకు నియమించుటకు శాలువ యేల కప్పితిమో ఆ సభలో నెవరికిని తోచలేదు.

క్రిందటి కార్తికమున మా తండ్రిగారి మిత్రబృందము కడియపులంకలోని యొక తోటకు వనభోజనమునకు పోయినప్పుడు నేనును వెంట పోతిని. చెట్లక్రింద తివాచీలు పఱచిరి. ఒక పెద్దలు వానప్రస్థాశ్రమమును గూర్చి చక్కగా ప్రసంగించిరి. నేను సంస్కృతము చదివినవాడను గావున శ్రద్ధగా వింటిని, విని నవ్వుకొంటిని. వానప్రస్థమునకు పోవువాడు ఊరి తిండిని, ఇంటి సామగ్రిని విడువవలెననియు, భార్యను కొడుకుల కప్పగించి యైనను, వెంటబెట్టుకొని యైనను అడవికి పోవలెననియు మనువు చెప్పెను. అప్పగించుటయా, తీసికొనిపోవుటయా యను విచారణలో ఆమె యిష్టమును మనువడుగలేదు. మన నేటి వానప్రస్థులు మనువును మించినవారు. వారు భార్యను అప్పగింపరు, తిండిని విడువరు. ఆ ప్రసంగము సాగునంతసేపును తోట వెనుకవైపున పదిమంది స్త్రీలు పులిహోర కలుపుచు, గారెలు వేయుచు పొగలో నుండిరి. వనభోజనమున వనము పురుషులకు వచ్చినది, భోజనము చేయు పని స్త్రీలకు వచ్చినది.

తిరిగి వచ్చునప్పుడు మా తల్లిగారిని, “ఏమేమి మొక్కలు చూచితివమ్మా?” అని యడిగితిని.

“కరివేపాకు చెట్టు చూచినాను, నాయనా. పోపులోనికి వెదకవలసి వచ్చినది” అనెను.

ఆమె వేళాకోళమున కనలేదు. అడిగినదానికి బదులు చెప్పినది. ఈ యూర 47 ఏండ్లు కాపురమున్న ఆమె, కూతవేటు దూరమున నున్న ధవళేశ్వరపు ఆనకట్టను పెండ్లిండ్లకు పోవునప్పుడు బస్సు కిటికీనుండి తప్ప చూడలేదని ఆ రాత్రి తెలిసినది. కాటను దొర విగ్రహమునొద్ద మా తండ్రిగారు మిత్రులతో తీయించుకొన్న ఛాయాచిత్రములు మాత్రము మా గోడమీద మూడున్నవి. వారు చెడ్డవారు కారు. ఆమెను ఒక్క పరుషవాక్యమైనను అనగా నేను వినలేదు. చెడ్డవారైనచో ఈ వ్యాసముతో పని లేకపోవును; మంచివారి యిండ్లలో నెవరికిని కానరాని యన్యాయము గనుకనే వ్రాయుచున్నాను.

“ఆమెకు అందులోనే యానందము; వండకున్న ఆమెకు తోచదు” అందురు. ఎన్నడైన అడిగి చూచితిరా? ఒక్క నెల వండకుండ నుంచి చూచితిరా? గానుగకు కట్టిన యెద్దును విప్పినను కొంతసేపు గుండ్రముగనే తిరుగును. దానినిబట్టి గానుగ దానికి ప్రియమని తీర్మానింతుమా? “కోడలు చేయును” అనువారు మఱియొకరు. ముసలామె మెడనుండి కాడి తీసి పడుచుదాని మెడమీద పెట్టుట సంస్కారము కాదు. ఇక కోడలు అమెరికాలో నున్నచో పురిటికని ఆఱు నెలలు పోవునది యెవరు? తాతగారు అచ్చటి ఉద్యానములలో నడచి, తోడి తెలుగు తాతలతో మాటలాడి వత్తురు; నాయనమ్మ బిడ్డకు నీళ్ళు పోసి, ఆవకాయ అన్నము కలిపి వచ్చును. విమానపు టిక్కెట్టు ఇరువురకును ఒకటే.

చార్లెస్ లాంబను నాంగ్ల రచయిత 33 ఏండ్లు ఈస్టిండియా కంపెనీలో గుమాస్తాగిరి చేసి 1825లో విరమించి, ఆ విడుదలపై నొక వ్యాసము వ్రాసెను. ఇంగ్లీషు పంతుళ్ళమందఱమును దానిని మెచ్చుకొందుము. నాకు మాత్ర మా వ్యాసముకంటె ఆతడు మిత్రునికి వ్రాసిన జాబులోని లెక్క యెక్కువ నచ్చును. తనకు వచ్చు 450 పౌనులలో 9 పౌనులు వదలుకొని, తన తదనంతరము తన యింట నున్న అక్క మేరీకి భృతి జరుగునట్లు ఆతడు కుదుర్చుకొనెను. మనకును కుటుంబ పింఛను కలదు. అనగా ఆయన పోయిన పిమ్మట గాని ఆమె చేతికి ఖజానానుండి రూపాయి రాదు. అప్పటికి గట్టుమీద నడచుటకు ఆమె మోకాళ్ళు మిగులునా?

ఈ యూరనే 1881 డిసెంబరు 11న వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపించిరి. ఆ దినములలో వంటవారును నీళ్ళవారును భయపడి రాకపోగా, రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్ళు మోసి, తామే వండిరి. మనము సభలు చేసి ఆయన విగ్రహమునకు పూలమాలలు వేయుదుము. ఆ బిందెను మాత్రము ఇంకను ఆమె నెత్తిమీదనే యుంచితిమి.

పెద్దలారా, నేను మిమ్ము నడవికి పొమ్మనుట లేదు, వంటయింటికి పొమ్మనుచున్నాను. అది మీ యింటిలోనే యున్నది. పింఛను కాగితములు, జీవితధ్రువపత్రములు, బకాయిల లెక్కలు కంఠస్థము చేసిన మీకు పాలు కాచుట కష్టమైన విద్య కాదు. వారమునకు రెండు దినములు ఆమెకు విరమణ దినములని గోడమీద వ్రాయుడు. ఆ దినములందు ఆమెను మీవెంట తీసికొని పోవలసిన పని కూడ లేదు, ఆమెకును స్నేహితురాండ్రున్నారు.

2025 ఆగస్టు 15నుండి మన రాష్ట్రమున స్త్రీలకు బస్సులలో టిక్కెట్టు లేదు. క్రిందటి మాసమున మా తల్లిగారు, మా వీథిలోని మఱి ముగ్గురును ఆధార్ కార్డులు కొంగున కట్టుకొని ద్రాక్షారామమునకు పోయిరి. వంట చేసి పోయెదనని ఆమె నాలుగు గంటలకే లేవబోగా నేను వలదంటిని. పదునొకండు గంటలకు నేను తరగతిలో నుండగా మా తండ్రిగారినుండి ఫోను వచ్చినది. కాఫీపొడి డబ్బా ఎక్కడ నున్నదని అడుగుచున్నారు. ఆ యింటనే పుట్టి పెరిగిన నేను, సుద్దముక్క చేత బట్టుకొని ఎంతసేపు ఆలోచించినను చెప్పలేకపోతిని.