శిశుసంరక్షణము: రేచీకటి పరీక్ష



పగలు చక్కగా జూచు బిడ్డ సందెచీకటిలో గడపను, పీటను కానక తడబడినచో అది రేచీకటి. విటమిన్ ఏ కొఱతకు ఇది తొలిగుర్తు. నెల్లూరి యిరుకు సందులలో ప్రొద్దు క్రుంకకమునుపే విద్యుద్దీపములు వెలుగుటచే ఈ గుర్తు మఱుగుపడును. కావున దీపము వెలిగింపకముందే బిడ్డ నడకను గమనింపుడు.

పసిబిడ్డ తన బాధను చెప్పుకొనజాలదు. అందుచేతనే పరీక్షకులు మొదట తల్లినడుగుదురు. 2 ఏండ్లు నిండి 6 ఏండ్లు నిండని పిల్లలలో 100కి 1 బిడ్డకు రేచీకటి యున్నను అది ఊరంతటి సమస్యయని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము.

పగటివేళ తెల్లగుడ్డుపై నురుగువంటి మచ్చ యున్నదేమో చూడుడు. నల్లగుడ్డు మసకబారినచో ఒక్క దినమైనను జాగుచేయక ఆసుపత్రికి గొనిపొండు. తట్టు సోకిన బిడ్డకు ఈ యపాయము మెండు.

ఈ కొఱతను నివారించు పథకము మన దేశమున 1970లో ఆరంభమైనది. నేడు 9వ నెలలో 1 లక్ష యూనిట్లు, ఏడాదిన్నర మొదలు 5 ఏండ్లవఱకు 6 నెలలకొకసారి 2 లక్షల యూనిట్లు ఉచితముగా నిత్తురు. అద్దెయిల్లు మాఱిన కుటుంబముల బిడ్డలకు ఈ మోతాదు తప్పిపోవుట సులభము. టీకాకార్డును పదిలపఱచి క్రొత్త వాడలోని అంగన్‌వాడీలో చూపుడు. మందు అధికమైనను హానియే. స్వయముగా కొని పోయకుడు.

పెరటి మునగచెట్టును పల్లెలో విడిచివచ్చిన తల్లి ఆకుకూర కొనక తప్పదు. మునగాకు, తోటకూర కొంచెము నూనెతో వండిననే ఒంటబట్టును. చేపకాలేయమును పాఱవేయకుడు.

బిడ్డ తడబాటును అల్లరియని కసరకముందు, సంజవేళ ఒక్కసారి పరీక్షింపుడు.