ఓట్లు కడగలేని నేరం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, మారికోపా కౌంటీకి 24 ఏళ్లు షెరీఫ్‌గా పనిచేసిన జో అర్పాయో చట్టాన్ని కాపాడిన అధికారి కాదు, చట్టాన్ని ధిక్కరించిన అధికారి. ఈ మాట రాజకీయ ప్రత్యర్థులది కాదు, న్యాయస్థానానిది. ఓటర్లు ఆరుసార్లు గెలిపించినా, దేశాధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టినా ఆ మాట చెరిగిపోదు.

మన దగ్గర జిల్లా ఎస్పీని ప్రభుత్వం నియమిస్తుంది, కంటికి నచ్చకపోతే రాత్రికి రాత్రే బదిలీ చేస్తుంది. అమెరికా కౌంటీల్లో ఎక్కువచోట్ల షెరీఫ్‌ను జనమే ఎన్నుకుంటారు. కౌంటీ జైళ్లు, నగరపాలక సంస్థల పరిధిలోకి రాని ప్రాంతాల పోలీసు పని ఆయన చేతిలో ఉంటాయి. మారికోపాలో కౌంటీ బోర్డు బడ్జెట్ ఇస్తుందే తప్ప షెరీఫ్‌ను ఇంటికి పంపలేదు. పై అధికారి అంటూ లేనిచోట మిగిలేవి రెండే: నాలుగేళ్లకోసారి వచ్చే ఓటు, ఎప్పుడైనా తలుపు తట్టగల కోర్టు. అర్పాయో మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని లెక్కచేయకుండా నెట్టుకొచ్చారు.

ఇటలీ నుంచి వలస వచ్చిన దంపతులకు 1932లో మసాచుసెట్స్‌లో పుట్టిన మనిషి ఆయన. సైన్యంలో చేసి, 1954లో వాషింగ్టన్ నగర పోలీసు అయ్యారు. 1957లో లాస్ వేగాస్‌కు మారి, ఆపైన పాతికేళ్లు ఫెడరల్ మాదకద్రవ్యాల నిరోధక విభాగంలో పనిచేశారు. టర్కీ, మెక్సికోలు చూసి, అరిజోనా విభాగం అధిపతిగా 1982లో రిటైరయ్యారు. చిన్న అనుభవమేమీ కాదు. 1991లో ఫీనిక్స్ దగ్గరి ఓ బౌద్ధాలయంలో తొమ్మిదిమంది హత్యకు గురయ్యారు. షెరీఫ్ కార్యాలయం ఏ సంబంధమూ లేని యువకులను పట్టుకొచ్చి వాళ్లచేత నేరం ఒప్పించింది. అప్పటి షెరీఫ్ పరువు దాంతో పోయింది. ఆ ఆగ్రహం మీదే అర్పాయో 1992లో గెలిచారు. పోలీసుల దారితప్పిన దర్యాప్తు పుణ్యమా అని పదవిలోకి వచ్చిన మనిషి, ఆ పాఠాన్ని మొదటిరోజే మరిచిపోయారు.

1993 ఆగస్టులో ఆయన ఫీనిక్స్‌లో టెంట్ల జైలు తెరిచారు. కొరియా యుద్ధకాలపు సైనిక గుడారాలు, వాటి కింద వరుసగా ఇనుప మంచాలు. ఫీనిక్స్ ఎడారి నగరం, వేసవిలో 45 డిగ్రీల సెల్సియస్ అక్కడ వింత కాదు. గుడ్డ కప్పు కింద ఉడుకు ఇంకా ఎక్కువ. ఖైదీలకు నలుపు తెలుపు చారల బట్టలు, గులాబీరంగు లోదుస్తులు ఇచ్చారు. కాళ్లకు గొలుసులు వేసి రోడ్ల పక్క పనికి తోలారు. మహిళా ఖైదీలనూ వదలలేదు. టీవీ కెమెరాలను పిలిచి మరీ ఇదంతా చూపించారు. ఓ సభలో తన జైలును తానే కాన్సంట్రేషన్ క్యాంప్‌తో పోల్చుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. మానసిక రోగాలకు మందులు వాడుతూ వేడిని తట్టుకోలేని విచారణ ఖైదీలను దాదాపు 29 డిగ్రీలు దాటని గదుల్లో ఉంచాలని 2008లో ఫెడరల్ జడ్జి నీల్ వేక్ ఆదేశించాల్సి వచ్చింది. వాళ్లు శిక్ష పడినవాళ్లు కాదు, కేసు తేలక ఎదురుచూస్తున్నవాళ్లు. ఇంత చిన్న మానవత్వం కోసం కూడా కోర్టు మెట్లెక్కాల్సి రావడమే ఆయన పాలనకు కొలత.

తర్వాత వలసదారుల వేట మొదలైంది. 2007 సెప్టెంబర్‌లో కేవ్ క్రీక్ దగ్గర ఓ వాహనాన్ని ఆపారు. వేగంగా వెళ్తున్నారన్నది చెప్పిన కారణం. నడుపుతున్న తెల్లజాతి మనిషికి జరిమానా చీటీ కూడా రాయకుండా పంపేశారు. అందులో ఉన్న మెక్సికో పర్యాటకుణ్ని, చేతిలో చెల్లుబాటయ్యే వీసా ఉన్నా, గంటల తరబడి నిర్బంధించారు. ఆ పర్యాటకుడి పేరు మీదే మెలెండ్రెస్ కేసు పుట్టింది. ఒంటి రంగు చూసి కార్లు ఆపడం రాజ్యాంగ విరుద్ధమని 2013 మేలో జడ్జి ముర్రే స్నో తీర్పిచ్చారు, ఆ తర్వాత షెరీఫ్ కార్యాలయాన్ని కోర్టు పర్యవేక్షణలో పెట్టారు. ఈ వేట కాలంలోనే అర్పాయో కార్యాలయానికి వచ్చిన లైంగిక నేరాల ఫిర్యాదుల్లో 400కు పైగా సరైన దర్యాప్తుకు నోచుకోలేదు, కొన్నింటిని అసలు తాకనేలేదు. బాధితుల్లో పిల్లలున్నారు. రోడ్డు మీద కార్లు ఆపడానికి తీరిక ఉన్న బలగానికి ఆ ఫైళ్లు తెరవడానికి తీరిక లేకపోయింది. ఈ పత్రిక దృష్టిలో ఆయన చేసిన పాపాల్లో ఇదే పెద్దది. తనను విమర్శించిన వారపత్రిక అధిపతులను 2007లో ఓ రాత్రి అరెస్టు చేయించిన ముచ్చట కూడా ఉంది. ఆ అరెస్టుకు కౌంటీ ఖజానా 37.5 లక్షల డాలర్లు చెల్లించుకుంది.

అక్రమంగా దేశంలో ఉన్నారన్న అనుమానం ఒక్కటే కారణంగా ఎవరినీ నిర్బంధించరాదని 2011 డిసెంబర్‌లోనే కోర్టు ఆదేశించింది. ఆయన సిబ్బంది దాదాపు ఏడాదిన్నర అదే పని చేశారు. మానబోమని ఆయన మీడియాకు చెప్పుకున్నారు కూడా. 2017 జులై 31న జడ్జి సూసన్ బోల్టన్ ఆయన్ను కోర్టు ధిక్కార నేరంలో దోషిగా తేల్చారు. శిక్ష ఖరారు కాకముందే, ఆగస్టు 25న అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. రాజ్యాంగం ఆ అధికారం ఇచ్చింది, కాదనం. కానీ కోర్టు మాట వినని అధికారికి దేశాధినేత వత్తాసు పలకడం ఆ అధికారాన్ని దుర్వినియోగం చేయడమే. తీర్పునే కొట్టేయాలని అర్పాయో అడిగితే జడ్జి బోల్టన్ ఒప్పుకోలేదు. క్షమాభిక్ష శిక్షను తప్పిస్తుందేగానీ జరిగినదాన్ని మార్చదన్నారు. సరైన మాట.

2016లో అర్పాయోను ఓడించిన పాల్ పెన్జోన్ కూడా నగర పోలీసే. ఫీనిక్స్ పోలీసు శాఖలో 21 ఏళ్లు చేసి సార్జెంట్‌గా రిటైరయ్యారు. వచ్చిన కొద్ది నెలలకే టెంట్ల జైలు మూసివేతను ప్రకటించారు. దానికి ఆయన్ను మెచ్చుకోవాలి. అయితే పోలీసులపై వచ్చిన 2,000కు పైగా ఫిర్యాదుల విచారణ పేరుకుపోవడంతో 2022లో జడ్జి స్నో ఆయన్నూ ధిక్కారం కింద తప్పుపట్టారు. తాను చేయని అప్పును తీర్చలేనంటూ ఆయన 2024 జనవరిలో, పదవీకాలం మిగిలి ఉండగానే తప్పుకున్నారు. అప్పు వ్యక్తిది కాదు, కార్యాలయానిది. ఓట్లడిగిన రోజున అది పెన్జోన్‌కు తెలుసు. తీర్చకుండా వెళ్లిపోవడం తప్పే.

ఆ కుర్చీలో ఇప్పుడు జెర్రీ షెరిడాన్ ఉన్నారు, 2024లో గెలిచారు. అర్పాయోకు ఆయన ముఖ్య సహాయకుడు. 2016లో జడ్జి స్నో కోర్టు ధిక్కారం కింద తప్పుపట్టినవారిలో ఆయన పేరూ ఉంది. ఆ కౌంటీలోని చాండ్లర్, గిల్బర్ట్‌లలో ఎందరో తెలుగువాళ్లు స్థిరపడ్డారు, పౌరసత్వం వచ్చినవాళ్లు అక్కడ ఓటర్లు. రంగు చూసి కారు ఆపే పోలీసు వీసా కాగితాలు చదివేదాకా ఆగడని మెలెండ్రెస్ కేసు చెప్పింది. అది లాటినోల గొడవ, మనకెందుకని వాళ్లు అనుకోవడానికి వీల్లేదు.

ఇక్కడున్న మనమూ అంత చక్కగా లేము. 2019 డిసెంబర్‌లో చటాన్‌పల్లి దగ్గర ఓ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపితే మనవాళ్లు పూలు చల్లారు. ఎన్‌కౌంటర్ కథ నమ్మదగింది కాదనీ, పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలనీ సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఆ నివేదిక వచ్చిన రోజు పూలు చల్లినవాళ్ల నోట మాట రాలేదు.

మారికోపాలో కోర్టు పర్యవేక్షణ ఖర్చు మోయలేకున్నామని కౌంటీ పెద్దలు వాపోతున్నారు. ఆ ఖర్చు తెచ్చిపెట్టింది జడ్జి కాదు, అర్పాయో. ఆయన్ను మళ్లీ మళ్లీ గెలిపించిన ఓటర్లూ అందులో భాగస్వాములే. పేరుకుపోయిన ఫిర్యాదుల్లో చివరిదాకా విచారణ జరిగి, రోడ్ల మీద కార్లు ఆపే తీరులో రంగు వివక్ష పోయిందని అంకెలతో రుజువయ్యేవరకూ ఆ పర్యవేక్షణ ఒక్కరోజు కూడా తగ్గించరాదు. ఆ రుజువు చూపాల్సింది షెరిడాన్.